ధర చూపమంటే యాప్ చూపుతారా?



మొన్న కోతల రోజుల్లో బిట్రగుంట స్టేషను దగ్గర టీ అంగడిలో కూర్చుని ఉంటే, రెండెకరాల రైతు ఒకాయన ఫోను నా చేతికిచ్చాడు. "పుట్టి ఎంత పలకతా ఉందో చూడన్నా, కళ్లం కాడ దళారి కాచుకోని ఉండాడు" అన్నాడు. ధరలు చూపే వెబ్‌సైట్ ఒకటి తెరిచాను. క్వింటా ధర కనబడీ కనబడకముందే 'మా యాప్‌లో చూడండి' అంటూ అడ్డం పడింది. మూసేద్దామంటే ఇంటూ గుర్తు ఆవగింజంత. వేలు జారి యాప్ దించుకునే చోటికి పోయింది. 'స్థలం చాలదు' అంది ఫోను. ఈలోగా తూర్పున మబ్బు లేచింది. ఆయన దళారి చెప్పిన ధరకే ఇచ్చేశాడు.

ఎందుకింత బలవంతం? వెబ్‌సైట్‌కి మనం చుట్టపుచూపుగా పోయి వస్తాం. యాప్ అయితే మన ఫోనులో తిష్ట వేస్తుంది. ఉన్న చోటు, పరిచయస్తుల నంబర్లు అడుగుతుంది. రోజూ ప్రకటనలు పంపుతుంది. లాభం వాళ్లది, ఖర్చయ్యే డేటా మనది.

ప్రభుత్వ సంస్థలదీ ఇదే దారి. 2025 పత్తి సీజనులో మద్దతు ధరకు అమ్మాలంటే సీసీఐ 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోమంది. స్మార్ట్‌ఫోను లేనివాడి గతేంటి? అదే పీఎం కిసాన్ ఈ-కేవైసీకి మూడు దారులున్నాయి: వెబ్‌సైట్‌లో ఓటీపీ, సేవా కేంద్రంలో వేలిముద్ర, 2023 జూన్ నుంచి యాప్‌లో ముఖం. ఎవరికి వీలైంది వాళ్లు ఎంచుకోవచ్చు. పద్ధతి అంటే అదీ!

మన జాగ్రత్తలో మనం ఉందాం. క్రోమ్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి 'డెస్క్‌టాప్ సైట్' పెట్టండి. అక్షరాలు చిన్నవవుతాయి గానీ, చాలాసార్లు ఆ అడ్డు తొలగుతుంది. మామూలు ఫోనైతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేయండి. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే చెబుతారు. క్వింటా ధరను ఎనిమిదిన్నరతో హెచ్చిస్తే మన 850 కిలోల పుట్టి ధర వస్తుంది. 2025-26లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటా రూ.2,389. అంటే పుట్టికి రూ.20,306. ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

యాప్‌లు వద్దనడం లేదు. కావలసినవాళ్లు పెట్టుకుంటారు. కానీ ధర, వాన కబురు, పథకం వివరం మాత్రం ఏ ఫోనులోనైనా అడ్డు లేకుండా తెరుచుకోవాలి. రైతు సేవా కేంద్రం పలక మీదా కనబడాలి. మబ్బు పట్టిన వేళ రైతుకు కావలసింది ధర, యాప్ కాదు.