ఫోనులో వచ్చే వైద్యం: నిజమా? అబద్ధమా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. ఫోనులో వచ్చే వార్తల్లో, ముఖ్యంగా ఆరోగ్యం గురించి వచ్చేవాటిలో, ఏది నిజమో ఏది అబద్ధమో చెప్పే యాప్ తయారుచేస్తున్నాడు. మా అత్తగారికి డెబ్బై ఏళ్ళు. ఏది వచ్చినా నమ్ముతారు. అటువంటివారికి కూడా పనికివచ్చేలా ఉండాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: ఇది ఇంజనీర్లను అడగవలసిన ప్రశ్న అని కొందరు అనవచ్చు గాని, అటువంటి యాప్ అవసరమైనవారు రోజూ మా ఓ.పి.కి వస్తూనే ఉంటారు.

ఒక ఉదాహరణ చెబుతాను. పక్షవాతం వచ్చినప్పుడు రోగిని కదిలించకుండా పది వేళ్ళ కొసలనూ సూదితో గుచ్చి రక్తం తీయాలనీ, మూతి వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి తమ్మెలకు కూడా గుచ్చాలనీ ఒక సందేశం చాలా ఏళ్ళుగా తిరుగుతున్నది. పూర్తిగా అబద్ధం. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డకూ, వేలికొసన కారే రెండు చుక్కలకూ ఏ సంబంధమూ లేదు. ఆ గడ్డను కరిగించే సూదిమందు ఉన్నది. అయితే జబ్బు మొదలైన నాలుగున్నర గంటలలోగా, స్కానింగు చేసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాక, తగినవారికే ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. పది వేళ్ళకూ సూదిపోట్లతో, ఆ గడువు దాటిపోయాక మా వార్డుకు చేరిన పెద్దాయనను చూశాను. కొడుకులు చదువుకున్నవారే. తండ్రి మీద ప్రేమతోనే గుచ్చారు.

కనుక మీ అబ్బాయికి నా మొదటి సలహా: జవాబులోని మొదటి వాక్యం చెయ్యవలసిన పనిని చెప్పాలి. "మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చెయ్యండి" అని ముందు ఉండాలి. సూది సంగతి అబద్ధమన్నది ఆ తరువాత. అబద్ధాన్నే పెద్ద అక్షరాలతో పైన వేస్తే, కంగారులో ఉన్న మనిషికి అదే గుర్తుండిపోతుంది.

ఇక కళ్ళు. నలభై దాటితే చత్వారం, ఆ తరువాత శుక్లాలు. అక్షరాలు పెద్దవిగా, నల్లగా ఉండాలి. నిజానికి ఆకుపచ్చ, అబద్ధానికి ఎరుపు పెట్టి ఊరుకోకూడదు. ఆ రెండు రంగుల తేడా పుట్టుకతోనే తెలియనివారు, ముఖ్యంగా మగవారిలో, ఉన్నారు. చేతులు వణికేవారికి చిన్న బటన్లు అందవు. తెలుగులో టైపు చెయ్యమనడం మరీ అన్యాయం (నాకే సరిగా రాదు). వచ్చిన సందేశాన్ని ఉన్నదున్నట్టు పంపినా, నోటితో అడిగినా సరిపోవాలి. జవాబును చదివి వినిపించాలి.

వాట్సాప్ సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందన్నమాట. అంతమాత్రాన అబద్ధమని తేల్చలేం గాని, ఒక్క నిమిషం ఆగి చూసుకోవడానికి ఆ గుర్తు చాలు. అత్తగారికి అది చూపించండి.

యాప్ ఎంత బాగున్నా వెనుక జవాబు రాసే మనిషి కావాలి. పి.ఐ.బి. వారు 2019లో మొదలుపెట్టిన విభాగం కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వార్తలను పరిశీలిస్తుంది. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ వారు తెలుగులో కూడా రాస్తున్నారు. వైద్యం విషయంలో మాత్రం డాక్టరు చూడనిదే తీర్పు ఇవ్వవద్దనండి. "ఇంకా తేలలేదు" అని చెప్పే వీలు ఉండాలి. మందు మానెయ్యమనే సందేశమైతే, తేలేదాకా మానవద్దని కూడా చెప్పాలి. బి.పి., షుగరు మాత్రలు ఇలాగే ఆపేసి మా దగ్గరకు వచ్చేవారు తక్కువేమీ కాదు.

పని పూర్తయ్యాక ఫోను మీ అత్తగారి చేతికిచ్చి, అబ్బాయిని పక్కన నోరు విప్పకుండా కూర్చోమనండి. ఆమె కళ్ళజోడు వెతుక్కునే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.