నగర సేద్యానికి కావాల్సింది కౌలు కాగితం

రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉంటే, వాటిలో మొట్టమొదటిది వ్యవసాయం. నగరపాలక సంస్థల కోసం చేర్చిన 12వ షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. వీధి దీపాలున్నాయి, శ్మశానాలున్నాయి, కబేళాలున్నాయి, చెట్ల పెంపకం కూడా ఉంది. సాగు మాత్రం లేదు. పల్లె పండిస్తుంది, పట్నం తింటుంది అన్న లెక్క అప్పట్లో ఎవరికీ తప్పనిపించి ఉండదు. హైదరాబాద్ ఆ గీత లోపల ఎన్నడూ ఇమడలేదు. శివారు ఊళ్లను నగరంలో కలుపుకున్న ప్రతిసారీ పొలాలూ కలిశాయి, వాటిని నమ్ముకున్నవాళ్లూ కలిశారు. మొక్కలు నాటించడానికి నగరపాలక సంస్థలో ఒక విభాగం ఉంది. మడి సంగతి అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలో ఆ రైతుకు తెలియదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. నగరాల చుట్టుపక్కల కూరగాయల సాగు కోసం కేంద్రం 2011-12లో రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఒక పథకం తెచ్చింది. మిద్దెతోటలకు ఉద్యానశాఖ సగం రాయితీపై సిల్పాలిన్ బెడ్లు, విత్తనాలు, వేపపిండి ఇచ్చింది. మిద్దెతోటల వాళ్లు ఆ సాయం అందినా అందకపోయినా విత్తనాలు పంచుకుంటూ, ఒకరికొకరు నేర్పుకుంటూ ముందుకుపోతున్నారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. అయితే కిట్టు పంపిణీ ఒక్కరోజు కార్యక్రమం. నేల ఎవరిది, నీళ్లు ఎక్కడివి, పండింది ఎక్కడ అమ్మాలి అనే మూడు ప్రశ్నలకూ కిట్టులో జవాబు దొరకదు.

ఆ ప్రశ్నలు ఎంత బరువైనవో మూసీ దిగువన ఆకుకూర మళ్లు చూస్తే తెలుస్తుంది. పాలకూర విత్తిన నెలకు మొదటి కోత, ఆపైన పదిహేను ఇరవై రోజులకో కోత. ఆడవాళ్లు గొంతుక్కూర్చుని కొడవలితో కోసి, గుప్పెడు గుప్పెడుగా కట్టలు కట్టి, నీళ్లు చల్లి, తడి గోనెపట్టా కప్పి ఉంచుతారు. తెల్లారేసరికి సరుకు మార్కెట్లో ఉండాలి. ఎండెక్కితే కట్ట వాడుతుంది, వాడిన కట్టను అడిగే దిక్కుండదు. దూరం తట్టుకోలేని పంట కాబట్టే అది నగరం పక్కన బతుకుతోంది. నగరం తన బియ్యం తాను పండించుకోలేదు, పండించుకోనక్కర్లేదు కూడా. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. నగర సేద్యం పెట్టుకోదగిన గురి అదే.

ఇలాంటి మళ్లలో నోటిమాట కౌలు మామూలు. ఎప్పుడు వచ్చి హద్దురాళ్లు పాతుతారో తెలియని మనిషి పశువుల ఎరువు తోలించడు, పందిరి వేయడు. నెలకు చేతికొచ్చే పంటే వేస్తాడు, దాన్ని త్వరగా ఎదిగించే మందే చల్లుతాడు. నేల పాడవడానికి రైతు అజ్ఞానం కంటే ఈ అభద్రతే పెద్ద కారణమని నా నమ్మకం. యజమాని భయం యజమానికి ఉంది. కాగితం రాసిస్తే కౌలుదారు హక్కు అడుగుతాడేమోనని. వీళ్లిద్దరి మధ్య నగరపాలక సంస్థ నిలబడాలి. ఐదేళ్లకు స్థలం తానే తీసుకుని, సాగుదారుల సంఘానికి రాసివ్వాలి. అన్నేళ్లూ యజమానికి ఖాళీ స్థలం పన్ను తగ్గించాలి. కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం దాదాపు ఇదే. నగరంలో చిన్న స్థలాన్ని కనీసం ఐదేళ్లు సాగుకు కేటాయిస్తే దాని ఆస్తిపన్నును వ్యవసాయ భూమి విలువ మీదే లెక్కగడతారు.

అర్జెంటీనాలోని రొసారియో మనకు ఇంకా దగ్గరి పాఠం. 2001 చివర్లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కూలి, జనం పనులు పోగొట్టుకున్నప్పుడు, అక్కడి నగరపాలక సంస్థే 2002లో నగర సేద్యాన్ని చేపట్టింది. పేద కుటుంబాలకు విత్తనాలతోపాటు ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ స్థలాల్లో సాగుచేసుకునే హక్కు ఇచ్చింది. అమ్ముకోవడానికి సంతలు పెట్టించింది. సంక్షోభం గడిచిపోయినా కార్యక్రమం నిలిచింది, 2021లో అంతర్జాతీయ పురస్కారమూ అందుకుంది. సంత మాటకొస్తే మనకు 1999లోనే రైతుబజార్లు వచ్చాయి. నగరంలో పండించేవాళ్లకు వాటిలో నాలుగు గద్దెలు విడిగా కేటాయిస్తే చాలు.

నీళ్ల దగ్గర మాత్రం తొందరపాటు పనికిరాదు. నాగోలు, అంబర్‌పేట వంటి చోట్ల పెద్ద మురుగుశుద్ధి కేంద్రాలున్నాయి. శుద్ధిచేసిన నీటిని తోటలకు మళ్లించవచ్చు. కానీ పచ్చిగా నూరుకుని తినే కొత్తిమీర, పుదీనాకు ఒక నియమం ఉండాలి, ఉడికించి తినే కూరలకు ఇంకో నియమం. కోతకు కొద్దిరోజుల ముందే ఆ నీరు ఆపితే హానికర క్రిములు తగ్గుతాయి. పారిశ్రామిక వ్యర్థాలతో మట్టిలో చేరిన లోహాలు అలా పోవు. అందుకని మట్టి పరీక్ష చేయకుండా ఏ స్థలమూ సాగుకు ఇవ్వకూడదు. పరీక్షలో తప్పిన చోట పూలమొక్కలు పెంచుకోమనాలి. గుడిమల్కాపూర్‌లాంటి పూలమార్కెట్ ఉన్న నగరంలో అదేమీ నష్టం కాదు.

మిద్దెతోటలకు నగరపాలక సంస్థ చేయాల్సిన అసలు మేలు ఇంజినీరును పంపడం. అడుగు లోతు మట్టి నింపి తడిపితే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల బరువు పడుతుంది. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు మన భవన ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు 150 కిలోలు. మడిని దూలాల మీదుగా ఎలా పెట్టాలో, కొబ్బరిపొట్టు కలిపి బరువు ఎంత తగ్గించాలో చెప్పకుండా కిట్లు ఇవ్వడం క్షేమం కాదు.

డబ్బు లేదనే మాట నిలవదు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 పురపాలక బడ్జెట్లలో పదిశాతం పచ్చదనానికి కేటాయించమంది. అందులో కొంత పంటకు మళ్లించడానికి అడ్డేమిటి? ఎరువూ నగరంలోనే ఉంది. బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి గ్యాసు తీసి కరెంటు తయారుచేసే ప్లాంటు పెట్టారు. గ్యాసు తీశాక మిగిలేది మంచి ఎరువే. మిగతా మార్కెట్ల చెత్త డంపింగ్ యార్డుకు పోకుండా మళ్లకు చేరే దారి చూడాలి.

వీటన్నిటికీ ముందు, నగర హద్దుల్లో ఇవాళ సాగుచేస్తున్నది ఎవరు, ఎవరి నేలలో, ఏ నీళ్లతో అన్నది వార్డుల వారీగా రాసుకోవాలి. లేఔట్లలో వదిలిన ఖాళీ స్థలాలు, హైటెన్షన్ తీగల కింది నేలలు, బడుల ఆవరణలు ఆ పట్టికలోనే చేరాలి. దానికో అధికారి, ఆయనకు పేరున్న ఒక హోదా కావాలి. తర్వాతి కిట్ల టెండరు పిలిచేలోపే ఈ పని జరగాలి.