గీతలో పొదుపు, కూలిలో పొదుపు

చౌకగా, త్వరగా తీసిన కార్టూన్ చిత్రాలకు కళావిలువ ఉండదనే నమ్మకం మన విమర్శకులలో పాతుకుపోయి ఉంది. బొమ్మ నిండుగా కదలాలి, ఆకు అల్లాడాలి, నీటిలో నీడ వణకాలి. అప్పుడే అది కళ అని వారి వాదం. అభ్యుదయవాదులమని చెప్పుకునే మిత్రులు కూడా ఈ మాటే అంటూంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇది సౌందర్యదృష్టి కాదు. పెట్టుబడి పెద్దదైతే సరుకు గొప్పదనే వ్యాపారి లెక్క.

ముందు పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఏడు నిమిషాల చిత్రానికి 10,080 ఫ్రేములు. రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేసుకున్నా, ఎడతెగక కదిలే ఒక్క పాత్రకే ఐదువేల పైచిలుకు బొమ్మలు గీయాలి. పొదుపు పద్ధతిలో దేహాన్ని నిలిపివేసి నోటినో చేతినో మాత్రం కదిలిస్తారు. ఒకసారి గీసిన నడకనే పదిసార్లు వాడుకుంటారు. 1958లో టెలివిజన్‌కు వచ్చిన యోగి ఎలుగుబంటి మెడకు కాలరు ఎందుకున్నదంటే, మొండెం కదలకుండా తలను మాత్రమే మార్చి గీసినప్పుడు అతుకు కనబడకుండా ఉండడానికి.

ఈ పద్ధతి పిసినారితనంలోనుంచి మాత్రమే పుట్టిందనడం చరిత్రకు విరుద్ధం. నిండు కదలికకు దేవాలయమని మనవాళ్ళు కొలిచే డిస్నీ స్టూడియో ఒక కర్మాగారం కూడా. 1937 నాటి 'స్నో వైట్' అందాన్ని నేను కాదనను. కాని ఆ అందం వెనుక గీతలకు సిరా పూసి రంగులు నింపిన స్త్రీలు తక్కువ జీతానికి పనిచేశారు. 1941 మే నెలలో అక్కడి చిత్రకారులు తమ సంఘం హక్కుకోసం సమ్మె కట్టారు. డిస్నీని వదిలి వచ్చినవారే తరువాత యు.పి.ఎ. అని పేరుపొందిన స్టూడియోకు పునాది వేశారు. వారి తొలి చిత్రాలలో ఒకటి 1944లో మోటారు కార్మికుల సంఘం కోసం, రూజ్‌వెల్ట్ ఎన్నిక ప్రచారానికి తీసినది. డబ్బు కొద్దిపాటిది, చెప్పవలసిన మాట మాత్రం ఉంది. ఆధునిక చిత్రకళ నేర్పిన చదునైన రంగు, సూటి గీత వారి చేతిలో ఉన్నాయి. 1947 అక్టోబరులో డిస్నీ అమెరికన్ కాంగ్రెసు కమిటీ ముందు, ఆ స్థాపకులలో ఒకడైన హిల్బర్మన్‌ను కమ్యూనిస్టుగా పేరెత్తి చూపాడు. అక్కడి ప్రముఖ దర్శకుడు జాన్ హబ్లీ 1952లో స్టూడియో వదలవలసి వచ్చింది.

1950లో వారు తీసిన 'జెరాల్డ్ మెక్‌బోయింగ్-బోయింగ్' చూడండి. మాటలకు బదులు శబ్దాలు మాత్రమే వచ్చే పిల్లవాడి కథ అది. బడి వెళ్ళగొడుతుంది, తోటిపిల్లలు చేరనివ్వరు. ఆ ఇంటికి గోడలు గీయలేదు. నేలకూ గోడకూ మధ్య గీత లేదు. పిల్లవాడి మనసు మారితే వెనుక రంగు మారుతుంది. అక్కడ నిండుగా గదిని గీసి ఉంటే ఆ ఒంటరితనం సామాను మధ్య కనబడకుండా పోయేది.

1961లో యుగోస్లావియాలోని జాగ్రెబ్‌లో వుకోటిచ్ తీసిన 'సురొగాత్' ఇంకా పదునైనది. సముద్రపు ఒడ్డుకు వచ్చినవాడు తనకు కావలసిన ప్రతిదీ, చివరికి స్త్రీని కూడా, గాలి ఊది తయారు చేసుకుంటాడు. త్రికోణాలు, చతురస్రాలు తప్ప ఒంపుసొంపులు లేవు. సరుకుల లోకం లోన డొల్ల అని చెప్పడానికి లోతులేని బొమ్మ కంటె తగిన రూపమేది? వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుందని మనం పాఠం చెబుతాం గదా!

అట్లాగని చౌకబారు చిత్రాలన్నిటికీ నేను వకాల్తా పుచ్చుకోను. 1960లో మొదలైన 'ఫ్లింట్‌స్టోన్స్'దీ పొదుపు పద్ధతే. ఆ రాతియుగపు దంపతులు మొదటి సంవత్సరాలలో విన్‌స్టన్ సిగరెట్లకు ప్రకటనలిచ్చారు. సాధనం ఒకటే; అది చేరిన చేతులు వేరు. మన హైదరాబాదులో తయారై 2008 నుంచి దేశమంతా నడిచిన 'ఛోటా భీమ్' మీద కూడా బొమ్మలు సరిగా కదలవన్నదే పెద్దల ఫిర్యాదు. నా ఫిర్యాదు అది కాదు. లడ్డూ తినడం, బలం రావడం, దుష్టుణ్ణి చితకకొట్టడం — కదలనిది అక్కడ బొమ్మ కాదు, ఆలోచన.

ఒక మిత్రుడు నన్నడగవచ్చు: పొదుపును పొగిడితే యజమానికి సాయం చేసినట్టు కాదా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. 1963 జనవరి 1న జపానులో తెజుకా ప్రారంభించిన 'ఆస్ట్రో బాయ్' వారం వారం వచ్చింది. మూడు ఫ్రేములకు ఒక బొమ్మ, నిలిచిపోయిన భంగిమలు. అయినా తండ్రి అమ్మివేసిన యంత్రబాలుడి దుఃఖం కోట్ల పిల్లలకు చేరింది. కాని తెజుకా దాన్ని టెలివిజన్‌కు బాగా తక్కువ ధరకు ఒప్పుకున్నాడు. ఆ లోటు చిత్రకారుల నిద్రలేని రాత్రులతో పూడింది. ఆ చౌకధర పరిశ్రమకే ఆనవాయితీ అయిందని 1989లో మియజాకి విమర్శించాడు. తెజుకా స్థాపించిన ముషి సంస్థ 1973లోనే దివాలా తీసింది.

కనుక రెండు పొదుపులను వేరుచేయాలి. కళాకారుడు ఆలోచించి వదిలివేసిన గీత శిల్పం. యజమాని కోసివేసిన కూలి దోపిడీ. మొదటిదాన్ని తిట్టేవాడికి రెండవది కనబడదు. బొమ్మ కదలలేదని గొణుగుతాడేగాని, గీసే చేయి ఎందుకు అలసిందని అడగడు. మొదటిదాన్ని మెచ్చి రెండవదాని మీద నోరు మెదపనివాడు మరీ ప్రమాదకారి.

విద్యార్థి మిత్రులకూ ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. చిత్రంలో బొమ్మలెన్ని అని లెక్కపెట్టవద్దు. ఉన్న బొమ్మలు ఏం చెబుతున్నాయో అడగండి. పొదుపును నిర్ణయించినదెవరు, మిగిలిన డబ్బు ఎవరి జేబులో చేరింది అని కూడా అడగండి. ఈ ప్రశ్నలు వేయని విమర్శ ఎంత నిండుగా ఉన్నా డొల్లే.