పండు బయట ఉండే గింజ

పిల్లలూ! మామిడిపండుకు టెంక లోపల ఉంటుంది. పనసపండుకు పిక్కలు తొనల లోపల ఉంటాయి. కాని, గింజ పండుకు బయట వేలాడే చెట్టు ఒకటి ఉన్నది. దాని పలుకులను మీరు పాయసంలోనుంచి ఏరుకుని తినే ఉంటారు. అదే జీడిమామిడి.

దాన్ని చూడాలంటే వేసవిలో శ్రీకాకుళం జిల్లాకు వెళ్లాలి. రైలు టెక్కలి ప్రాంతం దాటి కొంతదూరం పోతే పలాస వస్తుంది. అక్కడ దిగి సముద్రంవైపు నడిచారంటే ఇసుకనేలలు మొదలవుతాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ఊళ్ల చుట్టూ ఉన్న ఈ ప్రాంతమే ఉద్దానం. ఉద్యానం అనే మాటే ఉద్దానం అయిందని చెబుతారు. పేరుకు తగ్గట్టు అన్నీ తోటలే. ఎత్తున కొబ్బరి, దాని కింద జీడిమామిడి, మధ్యమధ్య పనస.

జీడిమామిడి పుట్టిల్లు మన దేశం కాదు, బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని ఓడలమీద మన పడమటి తీరానికి తెచ్చారు. తరవాత అది తూర్పుతీరానికీ వచ్చింది. దాని చుట్టరికమంతా తెలుగుపేరులోనే ఉన్నది. మన అడవులలో నల్లజీడి అనే చెట్టు ఉన్నది. పూర్వం దాని గింజల రసంతో బట్టలమీద గుర్తులు పెట్టేవారు. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. జీడిమామిడి గింజ పెంకులోనూ అలాటి జీడే ఉన్నది. శాస్త్రజ్ఞులు కూడా నల్లజీడినీ, మామిడినీ, జీడిమామిడినీ ఒకే కుటుంబంలో చేర్చారు.

ఇప్పుడొక వింత వినండి. ఎర్రగానో, పచ్చగానో నిగనిగలాడుతూ కొమ్మకు వేలాడేది అసలు పండే కాదు! అది ఉబ్బిన తొడిమ. దాని చివర మూత్రపిండం ఆకారంలో ఉన్న పిక్కే అసలైన కాయ. ముందు పిక్క పెరుగుతుంది. ఆ తరవాతే తొడిమ ఉబ్బి పండులా తయారవుతుంది. ఆ పండు వగరుగా, తియ్యగా ఉంటుంది. నారింజలోకంటె సి విటమిను అందులో ఎన్నోరెట్లు ఎక్కువ. అయితే అది ఒకరోజుకే మెత్తబడి చెడిపోతుంది. అందుకే దూరపు ఊళ్లవారికి పలుకు తెలుసుగాని పండు తెలియదు.

పిక్క సంగతి వేరు. దాని పెంకు రెండు పొరలు. మధ్య ఉన్న సన్నని గదులలో ఆ మంటపుట్టించే జీడి ఉంటుంది. పప్పును పురుగులూ జంతువులూ తినకుండా కాపాడే కాపలాదారు అదే. కనక పచ్చి పిక్కను ఎన్నడూ పంటితో కొరకకండి. నోరు పొక్కిపోతుంది సుమా! ఈ జీడినే రంగులలోనూ, మోటారుబండ్ల బ్రేకులలోనూ వాడతారు.

రైతు ఇంటిల్లిపాదీ రాలిన పండ్లు ఏరి, పిక్కలు మెలితిప్పి తీసి, ఎండబెట్టి, బస్తాలకెత్తుతారు. 80 కిలోల బస్తాకు ఇంత అని బేరం. ఆఫ్రికా దేశాలనుంచి చవక పిక్కలు వచ్చిపడితే ఇక్కడి రైతుకు ధర తగ్గుతుంది. పలాస, కాశీబుగ్గల కర్మాగారాలలో పిక్కలను ఉడికించిగాని, కాల్చిగాని, పెంకు పగలగొడతారు. ఈ పని చేసేవారిలో స్త్రీలే ఎక్కువ. చేతులకు నూనెగాని, బూడిదగాని పూసుకున్నా జీడి తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. పప్పు విరిగితే ధర పడిపోతుంది కనక ప్రతి పిక్కనూ జాగ్రత్తగా కొట్టాలి. తరవాత పప్పును వేడిచేసి, పైపొర ఒలిచి, గుండ్లనూ బద్దలనూ వేరుచేస్తారు. ఇప్పుడు యంత్రాలు వచ్చినా చేతిపని పూర్తిగా పోలేదు. ఇంతా చేసి, పిక్కల బరువులో పప్పు సుమారు నాలుగోవంతే!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఒక తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దాని పేరు తిత్లీ, అంటే సీతాకోకచిలుక. పేరు సుకుమారమే, కాని గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైగా వీచింది. కొబ్బరిచెట్లు నడిమికి విరిగినాయి. జీడిమామిడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయినాయి. తాతలనాటి తోటలు ఒక్క పూటలో నేలపాలయినాయి. అంటుమొక్క నాటితే మూడో ఏటనుంచి కాపు మొదలవుతుంది. నిండుకాపుకు ఎనిమిది, పదేళ్లు పడుతుంది. తుఫాను నాడు పుట్టిన పాపాయి మీ అంత అయినా, చెట్టు ఇంకా పాతచెట్టంత కాదన్నమాట! అయినా ఉద్దానం రైతులు మళ్లీ మొక్కలు నాటారు.

ఇక ఒక చిన్న ప్రశ్న. కొట్టులో జీడిపప్పు డబ్బాలమీద 180, 240, 320 అనే అంకెలు చూస్తే ఏ రకం పప్పు పెద్దదో చెప్పగలరా? 320 అనుకున్నారా? కాదు, 180! పౌను తూకానికి, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె చిన్నదయితే పప్పు పెద్దది.

ఈసారి పాయసంలో పలుకు తగిలితే అది గుండో, బద్దో చూడండి. గుండయితే, ఎవరో ఒక అమ్మ దాన్ని విరగకుండా తీసిందని గుర్తుంచుకోండి.