పానా పట్టే హక్కు

మరమ్మతు అనే మాట అరబీలో పుట్టింది. ఫార్సీ, ఉర్దూల మీదుగా నడిచొచ్చి తెలుగులో స్థిరపడింది. జీపు కిందకి దూరి వెల్లకిలా పడుకుంటే ఎదురుగా కమాను కట్టలు కనబడతాయి. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. కార్ఖానా, సామాను, బాకీ, వసూలు, హక్కు... ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఈ రెండు జబాన్లూ తగవు లేకుండా ఒకే బల్ల మీద కూర్చునే చోటు మెకానిక్ షెడ్డే. ఈ మధ్య ఆ షెడ్డులో ఇంకో మాట తెగ వినబడుతోంది. కబాడీ. "ఇంకెన్నాళ్లు సాబ్ ఈ జీపు, కబాడీకి ఇచ్చెయ్యరాదూ" అని. అనేది ఉస్తాద్ కాదు, ఛాయ్ తాగడానికొచ్చి నిలబడ్డవాళ్లు. నా తకరారంతా ఆ మాటతోనే.

నాది మహీంద్రా ఎం.ఎం. 540. నంబరు ఎ.పి. 37తో మొదలవుతుంది, అంటే పాత పశ్చిమ గోదావరి బండి. ప్యూజో డిజైను డీజిల్ ఇంజను, 2112 సీసీ. కంప్యూటరు లేదు, సెన్సరు లేదు. ఏ పుర్జా ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, చెయ్యి పడుతుంది. ఈ కంపెనీ పుట్టుక సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1945లో పెట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఆ మహమ్మద్, మలిక్ గులాం మహమ్మద్, బట్వారా తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో ఇక్కడ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఈలోపు 1947లోనే బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలైంది. యుద్ధభూమిలో సిపాయి తనే విప్పి తనే బిగించుకునేలా గీసిన బండి అది. మన 540 ఆ ఖాందాన్‌దే.

ఇప్పుడు జమాఖర్చు చూడండి. ప్రైవేటు బండికి పదిహేనేళ్లు నిండితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. కారుకైనా జీపుకైనా 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. ఢిల్లీలోనైతే పదేళ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఢిల్లీ గాలి కథ వేరు, దాని జోలికి నేను పోను. కానీ ఫీజు పెంచడం వెనకున్న ఖయాల్ ఏమిటి? బండి వయసు పెరిగేకొద్దీ నువ్వు దాన్ని వదిలెయ్యాలి అని. బండి ఎలా ఉంది అని అడగడం లేదు, ఎప్పటిది అని అడుగుతున్నారు. ఐదేళ్లకే ఛాసిస్ తినేసిన బండ్లు ఏలూరు చుట్టుపక్కల ఎన్ని లేవు! రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు, చేపల లోడు నుంచి కారే నీళ్లు చాలు. పాతికేళ్లు దాటినా గీత పడని ఛాసిస్‌లూ ఉన్నాయి. తేడా క్యాలెండర్‌లో లేదు. నీళ్లలోంచి వచ్చిన రాత్రి పైపు పట్టుకుని కింద కడిగిన మనిషి ఉన్నాడా లేడా అన్నదాంట్లో ఉంది.

కొల్లేటి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులోకి దిగుతాయి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అయినా చెరువులూ గట్లూ ఉన్నాయి, ఆ గట్ల మీద బతుకులూ ఉన్నాయి. ఆ నల్ల బంకమన్ను తడిస్తే సబ్బు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్లు చివరికి దిగింది కొల్లేటిలోకే. అలాంటి రోజుల్లో లంక గ్రామాల దారుల్లో ఫోర్ వీల్ గేరు వేసుకుని నెమ్మదిగా కదిలేది పడవ తర్వాత జీపే.

నీళ్లలోకి దింపేముందు మా ఉస్తాద్ ఎప్పుడూ ఒకటే అంటాడు: "బేటా, పైలే ఉస్కో ఠండా హోనే దేవ్." ముందు దాన్ని చల్లారనివ్వు. ఇది చాదస్తం కాదు, ఫిజిక్స్. నలభై కిలోమీటర్లు నడిచిన బండికి హౌసింగులు కాలుతూ ఉంటాయి, లోపలి గాలి వేడెక్కి ఉంటుంది. అలాగే చల్లటి నీళ్లలో ముంచితే ఆ గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. బ్రీతర్ నుంచో, అరిగిన సీలు నుంచో నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. వారం తర్వాత డ్రెయిన్ ప్లగ్గు విప్పితే తొంభై నంబరు ఆయిలు బదులు పాలు పోసిన ఛాయ్ కారుతుంది. ఆ ఛాయ్‌తోనే ఇంకో మూడు నెలలు తిరిగితే క్రౌను, పినియన్, బేరింగులు హుష్. విరుగుడు ఏమిటి? బ్రీతర్‌కి రబ్బరు ట్యూబు తగిలించి పైకి, బాడీ ఎత్తుకి కట్టడం. ఖర్చు ఒక పూట బిర్యానీ అంత కూడా ఉండదు. చల్లారేదాకా ఆగే ఓపికకి అదీ అక్కర్లేదు.

ఇలాంటివి సొంతవాడు చేసుకోవాల్సిన పనులు. గ్రీజు గన్ పట్టుకుని క్రాస్‌లకీ, షాకిల్ పిన్నులకీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టడం. ఆయిల్ బాత్ ఎయిర్ ఫిల్టరు అడుగున చేరిన బురద తీసి కొత్త ఆయిలు గీత దాకా పొయ్యడం. డీజిల్ ఫిల్టరు మార్చాక బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగిపోయేదాకా చేతి పంపు కొట్టడం. నీళ్లలో తిరిగొచ్చాక డ్రమ్ములు విప్పి బురద కడగడం. బోనెట్ దాకా నీళ్లొచ్చి ఇంజను ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో ఇంజను తిప్పి, నీళ్లు బయటికి పోయాకే తర్వాతి మాట.

బ్రేక్ మాస్టర్ సిలిండరు, స్టీరింగు, పంపు కాలిబ్రేషన్ మాత్రం ఉస్తాద్ చేతికే. ఫోన్‌లో వీడియో చూసి బ్రేకులు కట్టుకునే షౌక్ నాకు లేదు. రోడ్డు మీద మన ఒక్కరి ప్రాణమే కాదు కదా, ఎదుటివాడిది మన దగ్గర అమానత్.

కొత్త బండ్ల సంగతికొస్తే, మా బంధువుల్లో ఒకాయన బండికి ఒక లైటు వెలిగింది. ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు వైరింగ్ సెట్టంతా మార్చాలన్నారు. బయట ఒక కుర్రాడు స్కానరు పెట్టి, పాడైన కనెక్టరు ఒక్కటి శుభ్రం చేసి ఇచ్చాడు. కంప్యూటర్ ఉండటం తప్పని నేను అనను. దాని తాళంచెవి ఒక్కరి జేబులోనే ఉండటం తప్పంటాను. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసి, ఆ డిసెంబరులోనే రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. మంచిదే. అయితే పోర్టల్ వేరు, ఖానూన్ వేరు. మాన్యువల్, విడిభాగం, స్కానర్ కోడ్ కొన్నవాడికి ఇచ్చి తీరాలని చట్టం చెప్పాలి.

ఇక షాగిర్దుల కరువు. సచార్ కమిటీ 2006లోనే ముస్లింలలో స్వయం ఉపాధి వాటా ఎక్కువని లెక్క తేల్చింది. ఆ లెక్కలో మన ఉస్తాదులూ ఉన్నారు. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పే మనిషి దగ్గర కాగితం ముక్క లేదు. కాగితం లేదు గనక దాన్ని ఇల్మ్ అని ఎవరూ అనరు, కొడుకుని ఆ పనిలో పెట్టడానికి ఆయనకే మనసొప్పదు. చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే వెసులుబాటు ప్రభుత్వ స్కిల్ పథకాల్లో ఉంది. దాన్ని ఏలూరు, తాడేపల్లిగూడెం షెడ్ల దాకా తీసుకురావడానికి ఎవరైనా కాళ్లు కదపాలి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ నడుస్తోంది. మెకానికల్ పిల్లలు ఒక్క నెల ఆ ఊరి షెడ్లలో పానాలు అందిస్తే నిట్ ఇజ్జత్ ఏమీ తగ్గదు.

పొగ గురించి అడుగుతారు, అడగాలి. నల్లపొగ కక్కే పాత డీజిల్‌ని ఖాందానీ బండి అని వెనకేసుకు రావడం బేయిమానీ. ఇంజెక్టర్లు టెస్ట్ చేయించండి, ఎయిర్ ఫిల్టరు చూడండి, పొగ పరీక్షలో పాస్ కాకపోతే రోడ్డెక్కించకండి. నేను మినహాయింపు అడగడం లేదు. బ్రేకు, పొగ, ఛాసిస్ ఎంత కఠినంగానైనా పరీక్షించండి. పాస్ అయిన బండికి వయసు జుర్మానా వెయ్యకండి. హైదరాబాద్‌లో ఇదే 540కి లావు టైర్లు వేసి ఆదివారం కాఫీకి తీసుకెళ్లేవాడికి పదివేలు లెక్క కాదు. లంకలో మేత బస్తాలు మోసుకునేవాడికి అది సంవత్సరం పొడుగునా వేసుకునే గ్రీజు, ఆయిలు, ఫిల్టర్లు.

వానలు దగ్గర పడ్డాయి. కొల్లేటి వైపు తిరిగే జీపులున్నవాళ్లు ఈ వారంలోనే ముందు, వెనక రెండు హౌసింగుల ఆయిలూ చూసుకోండి. విప్పేటప్పుడు మొదట పై ఫిల్లర్ ప్లగ్గు కదులుతుందో లేదో చూసి, ఆ తర్వాతే కిందది విప్పండి. పైది పట్టేసి ఉంటే ఆయిలు వదిలేసిన బండి షెడ్డు దాకా కూడా రాదు.