అద్దం పోయిన కెమెరా, అట్టముక్క లెక్క



పోయిన సంవత్సరం పదో తరగతి చదివిన అబ్బాయి ఒకడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "సార్, మా అన్న కెమెరా కొంటాడంట. కొండలు, కోటలు తిరిగి ఫోటోలు తీస్తాడంట. శనక్కాయలు అమ్మిన డబ్బు మా నాయన ఇస్తానన్నాడు. చాలకపోతే మిగతాది నెలనెలా వాయిదాలు కట్టాలంట. ఏది కొనమంటారు?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు నేనే ఒకసారి తప్పు జవాబు రాసి నష్టపోయినవాణ్ణి.

ఇప్పుడు దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా 'మిర్రర్‌లెస్' కెమెరాలు, అంటే అద్దం లేనివి. మరి ఇంతకుముందు అద్దం ఎందుకుండేది? కటకం వెనుక 45 డిగ్రీల వాలులో ఉన్న ఆ అద్దం కాంతిని పైకి పరావర్తనం చెందించి, పట్టకం గుండా మన కంటికి చేర్చేది. బటన్ నొక్కితే టపీమని పైకి లేచి ఫిల్ముకు దారి ఇచ్చేది. ఇప్పుడు సెన్సర్ తాను చూస్తున్నదాన్నే చిన్న తెర మీద మనకు చూపిస్తోంది. కాబట్టి అద్దానికి పని లేకపోయింది. 2008లో పానసోనిక్ జి1 వచ్చింది. 2018 నాటికి నికాన్, కెనాన్ కూడా పెద్ద సెన్సర్లతో ఈ దారికి వచ్చాయి.

ఇందులో మీ పాఠానికి సంబంధించిన చక్కని విషయం ఒకటుంది. చాలా దూరంలో ఉన్న వస్తువు ప్రతిబింబం నాభి దగ్గర ఏర్పడుతుందని చదువుకున్నారు గదా! అలాగైతే 20 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న మామూలు కుంభాకార కటకాన్ని సెన్సర్‌కు 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంచాలి. కాని అక్కడ అద్దం అడ్డం! నికాన్ పాత 'ఎఫ్' కెమెరాల్లో కటకం బిగించే వలయం నుంచి ఫిల్ముకు దూరం 46.5 మిల్లీమీటర్లు. అందుకని ముందువైపు కాంతిని వికేంద్రీకరించే కటకాలు చేర్చి, ప్రతిబింబాన్ని వెనక్కి నెట్టేవారు. గాజు పెరిగేది, బరువు పెరిగేది, ధరా పెరిగేది. అదే నికాన్ 'జడ్' కెమెరాల్లో ఈ దూరం 16 మిల్లీమీటర్లే. విశాలమైన దృశ్యాన్ని పట్టే కటకాలను చిన్నగా చేయడానికి వీలు చిక్కింది. కొండలూ లోయలూ తీసేవాడికి అద్దం పోవడం వల్ల కలిగిన అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం.

ఇక నా తప్పు సంగతి. కొన్నేళ్ల కిందట దుకాణదారు మాట విని, ఉన్న డబ్బంతా పెద్ద సెన్సర్ కెమెరాకే పెట్టాను. కటకానికి మిగిలింది కొంచెమే. 50 మిల్లీమీటర్ల కటకం ఒక్కటి కొనుక్కుని గండికోటకు వెళ్లాను. పెన్న లోయ అంచున బండమీద నిలబడి చూస్తే దృశ్యం చట్రంలో ఇమడదు! వెనక్కి జరుగుదామంటే రాళ్లు అడ్డం వచ్చాయి. పక్కనే ఒక కుర్రాడు ఫోనుతో లోయ మొత్తం తీసుకుని చక్కా పోయాడు.

సరూప త్రిభుజాలతో లెక్క వేసి ఉంటే ఇంట్లోనే తెలిసేది. సెన్సర్ వెడల్పును నాభ్యంతరంతో భాగించి, దూరంతో గుణిస్తే కెమెరాలో పట్టే వెడల్పు వస్తుంది. సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. 100 మీటర్ల దూరంలో నా 50 మిల్లీమీటర్ల కటకానికి పట్టేది 72 మీటర్లు. అదే 24 మిల్లీమీటర్లదైతే 150 మీటర్లు. చిన్న సెన్సర్ (సుమారు 23.5 మిల్లీమీటర్లు) ఉన్న కెమెరాకు 16 మిల్లీమీటర్ల కటకం తగిలిస్తే 147 మీటర్లు! పెద్ద సెన్సర్ ఇచ్చిన వెడల్పు దాదాపు అలాగే ఇక్కడా దక్కింది. చీకట్లో తీసేవాడికి పెద్ద సెన్సర్ మేలే, కాదనను. పగటి వెలుతురులో కొండను తీసేవాడికి ఆ తేడా కోసం అప్పు చేయడం దండగ.

మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ చెప్పను. 24 మెగాపిక్సెళ్లంటే 6000 × 4000 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేసినా 20 అంగుళాల వెడల్పు బొమ్మ వస్తుంది. మీ ఇంటి గోడకు అంతకన్నా పెద్దది కావాలా?

ఎఫ్ 2.8 కటకమని ఊరించేవారూ ఉంటారు. నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఈ సంఖ్య. 70 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్ 2.8కి 25 మిల్లీమీటర్ల ద్వారం కావాలి, ఎఫ్ 4కి పదిహేడున్నర చాలు. ప్రకృతి దృశ్యాలు ఎలాగూ ఎఫ్ 8 దగ్గరే తీస్తాం. అలాగని 22 దాకా మూసేయకండి. వివర్తనం వల్ల కాంతి బిందువు ఎఫ్ 8 దగ్గర సుమారు 0.011 మిల్లీమీటర్ల వృత్తంగా, 22 దగ్గర 0.03 మిల్లీమీటర్ల వృత్తంగా పరుచుకుంటుంది. పెద్ద సెన్సర్ మీద 24 మెగాపిక్సెళ్లయితే ఒక్కో చుక్క 0.006 మిల్లీమీటర్లు మాత్రమే. బొమ్మ అలుక్కుపోక ఏమవుతుంది? ఎఫ్ 4 కటకంతో మిగిలిన డబ్బుకు మూడుకాళ్ల స్టాండు వస్తుంది. ఇంకో బ్యాటరీ కూడా కొనాలి. తెర ఎప్పుడూ వెలుగుతుంటుంది గనుక ఈ కెమెరాలు కరెంటు బాగా తాగుతాయి.

ఆ అబ్బాయికి చివరికి నేనిచ్చిన సలహా ఇదీ: ఒక అట్టకు 108 × 72 మిల్లీమీటర్ల కిటికీ కత్తిరించండి. ఇది పెద్ద సెన్సర్‌కు మూడింతలు. ఒక కన్ను మూసి, రెండో కంటికి 7.2 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 24 మిల్లీమీటర్ల కటకం చూసేది కనిపిస్తుంది. 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 50ది. ఒక నెల తిరగండి. నచ్చిన దృశ్యం కనబడినప్పుడల్లా స్కేలుతో దూరం కొలిచి రాసుకోండి.

అన్నదమ్ములిద్దరూ ఆ పని చేశారు. నోటుబుక్కు తెచ్చి చూపిస్తే అంకెలు ఎక్కువగా 7కూ 15కూ మధ్యనే ఉన్నాయి. వాడిన కెమెరా ఒకటి, చిన్న సెన్సర్‌ది, 16–50 జూమ్ కటకంతో కొన్నారు. వాయిదాల అవసరం రాలేదు. మిగిలిన డబ్బు వాళ్ల నాయన బోరు మోటారు బాగుచేయించడానికి పెట్టాడట.