కాపడం పెట్టే ముందు

మాఘమాసం దాటిందంటే మా గుంటూరులో రెండే కబుర్లు. ఒకటి మిరపకాయల ధర, రెండోది మోకాళ్ళ నొప్పి. మొదటిదాన్ని గురించి మాట్లాడే అధికారం నాకు లేదు. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకొనే దాన్ని, క్వింటాళ్ళ లెక్కలు నాకెందుకు? రెండోదాన్ని గురించి మాత్రం కావలసినంత అనుభవం ఉన్నది. రోజుకు నాలుగు గంటలు నిలబడి ప్రబంధాలు చెప్పే వాళ్ళ కాళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచాక తమ ప్రబంధం తాము విప్పడం మొదలుపెడతాయి.

ఈ మధ్య చదువరులు రాసిన ఉత్తరాల్లో సగం ఈ నొప్పుల గురించే. నరసరావుపేట నుంచి ఒక గృహిణి, "మడమ నొప్పికి ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చునా?" అని అడిగారు. చీరాల నుంచి ఒక పెద్దాయన, "మా ఆవిడ మోకాళ్ళకు రాయని నూనె లేదు, ఇక మిగిలింది కిరసనాయిలే" అని వాపోయారు. నేను వైద్యురాలిని కాను. అయితే మా అక్క కొడుకు ఎముకల డాక్టరు. నేను రాసింది వాడి చేత చదివించాను. వాడు కొట్టివేసిన వాక్యాలు పోగా మిగిలినదే ఇది.

ముందు మడమ సంగతి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లుండి, పది అడుగులు నడిచాక కాస్త సర్దుకొంటుంటే, అది చాలావరకు అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా సాగే దళసరి పట్టీ నొచ్చుకోవడం వల్ల వచ్చేది. నాకు వచ్చిందీ అదే. దీని మందు మీ మంచం మీదే ఉన్నది. దిగకముందే కాళ్ళు చాచి కూర్చుని, తువ్వాలును అరికాలి ముందు భాగానికి వేసి, రెండు కొసలూ పట్టుకొని మీ వైపుకు లాగండి. ముప్పై అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా మూడు సార్లు. సాయంకాలం ఇంటికి రాగానే చల్లటి నీళ్ళ సీసాను నేలమీద పడుకోబెట్టి, అరికాలితో అయిదు నిమిషాలు దొర్లించండి. గచ్చు మీద వట్టికాళ్ళతో తిరగకండి. ఇంట్లోకని మెత్తని చెప్పులు ఒక జత కొనుక్కోండి. "వంటింట్లో చెప్పులేమిటే, తల్లీ!" అని మా అత్తగారు మొదట్లో ముక్కున వేలు వేసుకొన్నారు. ఆరు నెలలకు ఆవిడే ఒక జత తెప్పించుకొన్నారు. తొందర మాత్రం పనికిరాదు. ఈ నొప్పి రోజుల్లో కాదు, నెలల్లో తగ్గుతుంది.

ఇక మోకాళ్ళు. వయసు మీద పడ్డాక వచ్చే నొప్పి చాలామందిలో అరుగుదల వల్లనే. నొప్పిగా ఉన్నది గదా అని కదలకుండా కూర్చుంటే తొడకండ చిక్కిపోతుంది. అది మోయవలసిన బరువు కూడా కీలు మీదనే పడుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు చాచండి. తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కొక్క కాలికి పది సార్లు, రెండు పూటలా. కత్తిపీట ముందు గొంతుక్కూర్చోవడం మాని కూరలు బల్ల మీద తరగండి. పీట మీద కాక కుర్చీలో కూర్చుని పూజ చేస్తే దేవుడేమీ కోప్పడడు. ఒళ్ళు బరువైన వాళ్ళు ఒక లెక్క వినండి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో చేసిన పరిశీలనలో తేలింది. నేతి గిన్నె దగ్గర చేయి సాచినప్పుడు ఈ నాలుగింటిని తలచుకోండి.

కాపడం గురించి మన ఇళ్ళల్లో ఒక పొరపాటు ఉన్నది. కాలు బెణికిన గంటలోనే ఉప్పు మూట వేడి చేసి అద్దుతారు. కొత్త దెబ్బకు, వాపుకు వేడి తగిలితే వాపు ఎక్కువవుతుంది. మొదటి రెండు రోజులూ చల్లదనమే మేలు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టి తీయాలి. పాత నొప్పికి, పట్టేసిన కండకు, బిగిసిన కీలుకు వేడి మంచిది. ఉప్పు మూటో, ఇసుక మూటో, వావిలాకు వేసి కాచిన నీళ్ళో, మీ ఇష్టం. మధుమేహం ఉన్న వాళ్ళు మాత్రం జాగ్రత్త. వాళ్ళ పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, కాలుతున్నదని తెలియదు. వేడి ఎంత ఉన్నదో ఇంట్లో మరొకరు చేయి పెట్టి చూసి చెప్పాలి.

ఇక మా ఊరి సరుకు సంగతి చెప్పకపోతే ఊరు నన్ను క్షమించదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ, సీజను వచ్చిందంటే మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. పొద్దస్తమానం గొంతుక్కూర్చుని సాయంకాలానికి మోకాళ్ళు పట్టుకొని లేస్తుంది. రాత్రికి చేతులు భగభగ మంట. నీళ్ళలో ఎంతసేపు ముంచినా ఆ మంట పోదు. కారానికి మూలమైన కాప్సైసిన్ అనే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఆవిడ ముందు నూనె రాసుకొని, తరువాత సబ్బుతో కడుక్కొంటుంది. ఏ పుస్తకం చదివి తెలుసుకొన్నది కాదు.

విచిత్రమేమిటంటే, చేతుల్ని మండించే ఆ కాప్సైసినే మోకాళ్ళకు మందు కూడా. డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్త 1997లో ఈ రహస్యం పట్టుకొన్నారు. మన నరాల కొసల్లో వేడికి తెరుచుకొనే ఒక వాకిలి ఉన్నది. నిప్పు సెగకూ, మిరప కారానికీ తెరుచుకొనేది అదే వాకిలి. అందుకే కారం తింటే నోరు కాలినట్లుంటుంది. 2021లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. కాప్సైసిన్‌ను పదే పదే రాస్తే ఆ నరం అలసిపోయి, నొప్పి కబురు మోయడం తగ్గిస్తుంది. డాక్టర్లు రాసి ఇచ్చే లేపనంలో ఇది నూటికి 0.025 నుంచి 0.075 పాళ్ళు మాత్రమే ఉంటుంది. రోజుకు మూడు నాలుగు సార్లు పలచగా రాస్తూ రెండు వారాలైనా ఓపిక పట్టాలి. మొదట్లో కొంచెం మండుతుంది. పుండు మీద రాయకూడదు, రాసిన చోట కాపడం పెట్టకూడదు, రాసిన చేతితో కళ్ళు ముట్టుకోకూడదు. ఈ సంగతి నేను చెప్పగా సగం విని, మా పక్కింటాయన గుంటూరు కారం ఆముదంలో కలిపి మోకాలికి పట్టు వేసుకొన్నారు. ఆ రాత్రి శివరాత్రి కాకపోయినా ఇంటిల్లిపాదీ జాగారం చేశారు. మోకాలు బొబ్బలెక్కింది. వంటింటి కారం వంటకే ఉంచండి.

ఇంతవరకు నవ్వుతూ రాశాను. ఇకముందు నవ్వు రాదు.

మా పెద్దమ్మది కనిగిరి వైపు పల్లె. నలభై దాటేసరికి ఆవిడ నడుము బిగిసింది. తరువాత మెడ తిరగడం మానేసింది. అందరూ వాతమన్నారు, మేమూ అదే అనుకొన్నాం. పన్నెండేళ్ళు! సెలవులకు వెళ్ళినప్పుడల్లా నువ్వుల నూనెలో కర్పూరం వేసి వెచ్చచేసి నేనే ఆవిడ నడుముకు రాసేదాన్ని. "నీ చేతి చలవే, అమ్మాయీ" అనేది. మళ్ళీ తెల్లారితే మామూలే. ఊళ్ళో వైద్యం చేసే మనిషి ఒకడు పొట్లాలు ఇచ్చేవాడు. అవి వేసుకొంటే రెండు రోజులు లేచి తిరిగేది. కొన్నాళ్ళకు మొహం ఉబ్బి గుండ్రంగా అయింది. "ఒళ్ళు చేసింది, మందు పనిచేస్తున్నది" అని సంతోషించాం. ఆవిడ పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. బొగ్గుపొడితో తోముకోవడం వల్ల అనుకొన్నాం. ఆ ఊళ్ళో సగం మంది పళ్ళు అలాగే ఉండేవి. అది నా కళ్ళకు కనపడుతూనే ఉన్నది, బుర్రకెక్కలేదు.

ఒక సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చాడు. అప్పటికి వాడింకా చదువుకొంటున్నాడు. "అమ్మమ్మా, గడ్డం గుండెకు ఆనించు" అన్నాడు. ఆనలేదు. "రెండు చేతులూ పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనక పెట్టు." చేతులు చెవుల దగ్గరే ఆగిపోయాయి. "మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకో." ఆవిడ నవ్వింది. "ఆ వేళ్ళను నేను చూసే ఎన్నాళ్ళయిందో, నాయనా" అన్నది. అప్పుడు వాడొక ప్రశ్న వేశాడు. పన్నెండేళ్ళలో మాలో ఒక్కరికీ తోచని ప్రశ్న. "ఏ నీళ్ళు తాగుతారు?"

ఇంటి వెనక బోరు. పల్లె మొత్తానికి తియ్యటి నీళ్ళని పేరు పడ్డ బోరు.

ఆ నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడు. ఆ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొట్టమొదట గుర్తించింది ఆ నేల మీదనే. కీళ్ళు బిగిసి నడవలేని ఎద్దుల్ని చూసి రైతులే ముందు అనుమానపడ్డారని చెబుతారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు పరిశోధకులు మద్రాసు రాజధానిలోని ఈ జబ్బును గురించి ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి. 1970లో అవి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు వచ్చింది. జిల్లా పేరు మారినంత సులువుగా నీళ్ళు మారలేదు. మా పెద్దమ్మ పుట్టకముందే అచ్చయిన సంగతి ఆవిడ నడుము విరిగే దాకా మా ఇంటికి చేరలేదంటే, చదువుకొన్న దాన్ని నేను, ఎవరిని అనను?

రాళ్ళలో ఉన్న ఫ్లోరైడు భూమి లోపలి నీళ్ళలో కరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశపు ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము లోపుంటే మేలు. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగితే ఎముకల్లో చేరుతుంది, కీళ్ళను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా ఎముకల్లా గట్టిపడతాయి. నీళ్ళు కాచి తాగుతున్నాం గదా అని ధైర్యపడకండి. కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై, ఉన్నది మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఒకటి ఉన్నది. నాగపూరులోని నీరీ సంస్థ దాన్ని రూపొందించింది. ఆర్‌వో యంత్రం కూడా ఫ్లోరైడును తగ్గిస్తుంది. అయితే ముందు నీళ్ళు పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో చేస్తారు.

పొట్లాల సంగతి కూడా విన్నాక మా వాడు తల పట్టుకొన్నాడు. మొహం అలా గుండ్రంగా ఉబ్బడం, ఆ పొడిలో స్టీరాయిడు కలిపి ఉండవచ్చుననడానికి గుర్తట. సొంతంగా కొనుక్కొనే నొప్పి బిళ్ళలూ తక్కువవేమీ కావు. మన ఆకాశంలో రాబందులు కనపడక ఎన్నాళ్ళయిందో చూడండి. పశువుల నొప్పులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను చంపేసిందని 2004లో బయటపడింది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. మనం రాబందులం కాము, నిజమే. కాని నెలల తరబడి అడగకుండా మింగితే అలాంటి బిళ్ళలు మన కడుపునూ, మూత్రపిండాలనూ కూడా చెడగొడతాయి.

కాబట్టి ఇంటి వైద్యానికి హద్దు ఏమిటో గుర్తుంచుకోండి. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, పొద్దున్నే వేళ్ళు గంటకు పైగా బిగిసి ఉన్నా, నడుము నొప్పితో కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా నూనె గిన్నె పక్కన పెట్టి ఆస్పత్రికి బయలుదేరండి.

మా పెద్దమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నది. నీళ్ళు మార్చాక నొప్పి కొంత తగ్గింది. బిగిసిన మెడ మాత్రం మళ్ళీ తిరగలేదు, తిరగదు. పల్లెలో ఉన్న ఆవిడ కొడుకు ఇంట్లో ఇప్పుడు బోరు నీళ్ళు నోట పోసుకోరు. వాళ్ళ చిన్నపిల్లకు ఈ ఏడు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి. పోయిన నెల వచ్చినప్పుడు పెద్దమ్మ దాన్ని దగ్గర కూర్చోబెట్టుకొని, నోరు తెరవమని, మెడ వంగదు గనుక పిల్ల గడ్డమే పైకెత్తి చూసింది. "తెల్లగా ఉన్నాయే, అమ్మాయీ" అన్నది నాతో.

చదువరులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఆ మూడు పనులూ ఒకసారి చేయించి చూడండి. చేయలేకపోయినంత మాత్రాన ఇదే జబ్బని కాదు, డాక్టరును అడగవలసిన అవసరం ఉన్నదని మాత్రమే అర్థం. ఇకముందు నొప్పుల గురించి నాకు ఉత్తరం రాసేటప్పుడు ఏ నూనె రాశారో రాయకపోయినా పరవాలేదు. ఏ నీళ్ళు తాగుతున్నారో తప్పక రాయండి.